ఏ ఖాతాల?

సొహార్ల మీటర్లు చదువుడు మొదలువెట్టిన నాడు
చేతుల ఒక పుస్తకం, చెవి మీద పెన్సిలు,
అంగి జేబుల తడి రుమాలు.
ఇప్పుడు బొత్తాలున్న డబ్బా ఇచ్చిండ్రు.
ఎండ మాత్రం గదే ఎండ.

ఇండ్లకు ఒకటో అంకె.
దుకాన్లకు రెండు, కార్ఖానలకు మూడు,
ఖజ్జూరు తోటలకు నాలుగు,
మజీదులు, బడులు, వీధి దీపాలు అన్నీ ఐదు.
యేడాఖరుకు అన్ని కలిపి
గుండ్రటి రొట్టె గీసి, ముక్కలు కోసి, రంగులేసి
ఆఫీసు గోడకు అంటిస్తడు ఖల్ఫాన్ సారు.
ఇరవై రెండు రొట్టెలు చూసిన నేను.

మొదట్ల ఆకుపచ్చ ముక్క ఇంత లావుండె.
తీరం పొంటి తోటతోటకు పంపుసెట్టు,
కాలువల నీళ్ల సప్పుడు ఇనుకుంట నడిస్తే
గంట దారి గడియల తెగేది.
సాలిం అని ఒక ముసలాయన
ముందుగాల మీటరు చూడనిచ్చేటోడే కాదు —
పండు తిను, కాఫీ తాగు, లెక్క యాడికి పోతది అనేటోడు.
తర్వాత బాయిలల్లకు సముద్రం వచ్చింది.
దోసిట్ల నీళ్లు వట్టి నా నాలుకకు తాకిచ్చిండు:
ఉప్పు.
పోయిన యేడు ఆయన మీటరు డబ్బా తెరిస్తే
కందిరీగ గూడు. అంకె కదల్లే.
సున్నా కొట్టిన.

ఇండ్ల ముక్క పసుపు. అది ఉబ్బుకుంట వచ్చింది.
ఒక్క కిటికీ ఏసీ ఉన్న ఇంట్లనే
పిల్లల పెండ్లిండ్లయి, అర్రకొకటి, హాలుకు రెండు,
పనిమనిషి అర్రకు ఆ పాతది.
జూన్ల మీటరు చక్రం చూస్తే కండ్లు తిరిగేటియి.
చక్రాలు పోయినయి. ఇప్పుడు ఎర్ర చుక్క
జ్వరమొచ్చినోని నాడి లెక్క కొట్టుకుంటది.

అల్యూమినియం కార్ఖాన కాడికి నేనెన్నడు పోలే.
దాని లెక్క తీగలకెల్లి అదే చెప్పుకుంటదట.
దాని ముక్క ఇండ్ల ముక్కను దాటిన నాడు
ఆఫీసుల హల్వా పంచిండ్రు.
నాకూ ఒక చెంచెడు.

మా మెట్‌పల్లి దిక్కు బాయికాడి మోటర్లకు మీటర్లే లేకుండె.
వ్యవసాయం ఎంత తిన్నదో
ఎవలో కూసొని అంచనా కట్టి రాసేటోళ్లు.
ఆ అంచనాల మా చిన్నాయన రాజలింగు నిద్ర లేదు —
రాత్రి రెండింటికి త్రీఫేజు వస్తదని
బ్యాటరీ లైటు వట్టుకొని ఒడ్ల మీద నడిచిన నిద్ర.

ఇగ మా క్యాంపు.
ఎనిమిది మందిమి, ఒక అర్ర, ఒక ఏసీ.
పై మంచం మొఫిజుల్‌ది, వానిది బరిసాల్; వానికి సలి.
కింద నాది, నాకు ఉక్క.
రిమోటు కాడ లొల్లి పెట్టుకొని పెట్టుకొని
అన్నదమ్ములమైనం.
ఒకనాడు మా క్యాంపు మీటరు నా వంతుకే వచ్చింది.
నంబరు కొట్టిన. తెర మీద పడ్డది:
రెండు.

ఖల్ఫాన్ సారును అడిగిన.
మంచోడే. అద్దాలు తీసి తుడుసుకున్నడు.
"బిల్లు కంపెనీ పేరు మీద ఉంది గదా" అన్నడు,
"ఇల్లంటే కుటుంబం ఉండాలె."
మళ్ల ఏమనుకున్నడో, నాకు చాయ్ చెప్పిండు.

అంటే ఇన్నేండ్లు
నేను వండుకున్న పప్పు, ఉతుక్కున్న అంగి,
భూమి పంచాది తెగేదాక ఇన్న ఫోను చార్జింగు,
జ్వరమొచ్చిన వారమంత ఆగకుండ తిరిగిన పంక,
ఆ పంక కింద పడ్డ కలలు గూడ
దుకాన్ల ఖాతాలనే.

వచ్చే యేడు అన్ని మీటర్లు తమ లెక్క తామే చెప్పుకుంటయట.
చదివేటోనితోని పని లేదు.
నేను పోయినంక మా అర్రల కరెంటు
ఒక మనిషంత తగ్గుతదా?
తగ్గది, అన్నడు మొఫిజుల్.
ఏసీకి ఎంతమందైనా ఒకటే.

రాత్రి వాడు నిద్రవోయినంక
రిమోటు వట్టి ఒక్క డిగ్రీ పెంచిన,
వానికి సలి వెట్టొద్దని.
గోడ మీది రొట్టెల
ఏదో ఒక రంగు
వెంట్రుకంత తగ్గే ఉంటది.